గుమ్మడికాయ ఆపలేని పగులు

కొత్త ఇంటి గోడ పగిలితే తప్పెవరిది? మా హన్మకొండలో ఈ ప్రశ్నకి నాలుగు జవాబులు ఎప్పుడూ తయారుగా ఉంటాయి. ఒకటి దిష్టి. రెండు వాస్తు. మూడు నేల. నాలుగోది ఇంట్లో ఆడవాళ్ల తొందర. ఎవరినడిగినా ఈ నాలుగింట్లోంచి ఒకటి ఏరి మన చేతిలో పెడతారు. కట్టినవాడి పేరు మాత్రం ఒక్కరి నోటా రాదు. గోడ తనంతట తాను మొలిచినట్టూ, దాన్ని ఎవరూ కట్టనట్టూ మాట్లాడతారు!

ఈ నాలుగు జవాబుల మీదా నాకు కోపం ఉంది. వరసగా చెప్తాను, వినండి.

మొదట దిష్టి. గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కడతాం, డాబా మీద నాలుక బయటపెట్టిన రాక్షసుడి బొమ్మ వేలాడదీస్తాం. కట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఇంటికీ ఉంది. నేనడిగేది ఒక్కటే. ఊరి కళ్లన్నీ మన ఇంటి మీద పడితే గోడ ఎక్కడ పడితే అక్కడ పగలాలి కదా? ఏ ఇంటికి వెళ్లి చూసినా కిటికీ మూల నుంచే ఏటవాలుగా ఎందుకు పగులుతుంది? ఇటుక గోడా కాంక్రీటు పిల్లరూ కలిసే చోటే నిలువునా గీత ఎందుకు పడుతుంది? కిటికీ మీద వేసే లింటెల్ రెండు పక్కలా గోడలోకి తగినంత చొచ్చుకుపోకపోతే మూలల్లో బరువు పడి పగులుతుంది. ఇటుకా కాంక్రీటూ ఎండకీ చలికీ ఒక్క తీరున సాగవు, ఒక్క తీరున ముడుచుకోవు. అందుకని గిలాబు చేసేముందు ఆ అతుకు మీద సన్నటి ఇనుప జాలీ కొట్టాలి. అది కొట్టకపోతే గీత పడుతుంది. జాలీ కొట్టని చోటు వెతుక్కుని మరీ తగలడానికి దిష్టి ఏ కాలేజీలో ఇంజనీరింగు చదివిందో నాకు తెలియదు.

ఇక వాస్తు. ఈశాన్యం మూసుకుపోయిందనీ, నైరుతిలో బావి ఉందనీ చెప్పి కట్టిన మెట్లు పగలగొట్టించిన వాళ్లని నేనెరుగుదును. పండితుడికి దక్షిణ, శాలువా, రానూ పోనూ కారు. మంచిదే. అదే ఇంటికి స్ట్రక్చరల్ ఇంజనీరు చేత ఒక డ్రాయింగు గీయించండి అంటే మాత్రం, "ఎందుకు దండగ, మేస్త్రీకి అన్నీ తెలుసు" అంటారు. మున్సిపాలిటీ అనుమతి కోసం గీయించిన ప్లాను ఉంది కదా అంటారు. ఆ ప్లాను చూస్తే వంటిల్లు ఎక్కడో, పడకగది ఎంతో తెలుస్తుంది. పిల్లరులో ఎన్ని చువ్వలు, ఎంత లావువి, రింగులు ఎంత దూరానికొకటి, పునాది ఎంత లోతు అనేది తెలియాలంటే వేరే డ్రాయింగు కావాలి. 1959లో నెహ్రూ గారు మన ఊళ్లో ఇంజనీరింగు కాలేజీకి శంకుస్థాపన చేశారు. ఆ ఆర్.ఇ.సి.యే 2002లో ఎన్.ఐ.టి. అయింది. దేశం నలుమూలల నుంచీ పిల్లలొచ్చి ఇక్కడ ఇళ్లూ వంతెనలూ కట్టడం నేర్చుకుపోతుంటే, ఆ గేటు ముందు నుంచి రోజూ ఆటోలో వెళ్లే మనం పునాది లోతు మాత్రం మేస్త్రీ జానతో కొలిపించుకుంటున్నాం.

మూడోది నేల. ఇది కాస్త గౌరవమైన సాకు. "అమ్మా, మీది రేగడి నేల, మేమేం చేస్తం?" అంటాడు కాంట్రాక్టరు. వరంగల్ చుట్టుపక్కల ఎర్రటి చెల్కలూ ఉన్నాయి, నల్లరేగడీ ఉంది, నిజమే. రేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి నోళ్లు తెరుస్తుంది. దాని మీద ఊరికే నాలుగడుగులు తవ్వి రాళ్లు పేరిస్తే ఇల్లు ఏటా ఒకసారి లేచి కూర్చుంటుంది. అయితే ఈ సంగతి ఇవాళ కొత్తగా బయటపడిందా? రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఈ నేలల కోసమే 1950లలో ఒక పద్ధతి తయారుచేసింది. ఉబ్బే పొర దాటేదాకా లోతుగా గుంట తీసి, అడుగున గంటలాగా వెడల్పు చేసి, దాన్ని కాంక్రీటుతో నింపుతారు. అంతకన్నా వెనక్కి పోదామా? పాలంపేటలో రామప్ప గుడి పని 1213లో మొదలైంది. పునాది గుంటని ఇసుకతో నింపి దాని మీద గుడి లేపారు. పైన శిఖరానికి బరువు తగ్గాలని నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు కాల్చి వాడారు. లోపల నేల అక్కడక్కడా అలలాగా కుంగి ఉంటుంది, మీరూ చూసే ఉంటారు. గుడి మాత్రం 800 ఏళ్లు దాటి నిలబడింది, 2021లో యునెస్కో జాబితాకి ఎక్కింది. కాకతీయుల స్థపతికి తెలిసిన సంగతి ఇవాళ సెల్‌ఫోను పట్టుకు తిరిగే కాంట్రాక్టరుకి తెలియదంటే నేను నమ్మను. నేల చెడ్డదని ముందే తెలిస్తే దానికి తగ్గ పునాది వెయ్యాలి. ముందు తెలియలేదంటే మట్టి పరీక్ష చేయించలేదన్నమాట. రెండు విధాలా జవాబు చెప్పాల్సింది అతనే.

ఈమధ్య దీనికి వరద సాకు కూడా తోడయింది. 2020 ఆగస్టులోనూ, 2023 జూలైలోనూ మా కాలనీల్లోకి నీళ్లొచ్చిన మాట నిజం. నాలాలు ఎవరు పూడ్చారన్నది వేరే పెద్ద కథ. కానీ వరద మొహం చూడని రెండో అంతస్తులో స్నానాలగది గోడ చెమ్మెక్కితే దానికీ ఆ వరదనే చూపిస్తే ఎట్లా?

నాలుగో జవాబు వింటే మాత్రం నాకు ఒళ్లు మండిపోతుంది. "శ్రావణంలో పాలు పొంగించాలని అమ్మగారు తొందరపెట్టిండ్రు, అందుకే గిట్లయింది." ముహూర్తం పెట్టించింది మామగారు. అటు అద్దె, ఇటు బ్యాంకు వాయిదా రెండూ కట్టలేక చెయ్యమన్నది అయ్యగారు. ఒప్పుకున్న గడువు దాటించి, చివరి నెలలో పరుగులు తీసింది కాంట్రాక్టరు. నింద మాత్రం పాలగిన్నె పట్టుకున్న ఆవిడ మీద! సరే, తొందరపెట్టిందనే అనుకుందాం. ఇన్ని రోజులు ఆగకపోతే స్లాబుకి ప్రమాదమమ్మా అని చెప్పాల్సిన బాధ్యత పని తెలిసినవాడిది కాదా? సిమెంటుకి పంచాంగం తెలియదు. దానికి తెలిసింది నీళ్లూ, రోజులూ.

ఆ లెక్కలేమీ రహస్యం కాదు. భారత ప్రమాణాల సంస్థ కాంక్రీటు గురించి ఐ.ఎస్. 456 అని ఒక పుస్తకం వేసింది, 2000 సంవత్సరపు కూర్పు. అందులో ఉన్న నాలుగు ముక్కలు చెప్తాను, వంటింటి గోడ మీద రాసుకోండి. మామూలు సిమెంటుతో వేసిన కాంక్రీటుని కనీసం 7 రోజులు తడి ఆరకుండా ఉంచాలి. బూడిద కలిపిన పి.పి.సి. సిమెంటు అయితే కనీసం 10 రోజులు. మనలాంటి ఎండల ఊళ్లో ఏదైనా 10 రోజులకి తగ్గకూడదు, పి.పి.సి.కి 14 రోజులైతే మేలు. ఇళ్లకి వాడే ఎం20 రకం కాంక్రీటుని కొలతల ప్రకారం కలిపేటప్పుడు 50 కిలోల బస్తాకి 30 లీటర్లు మించి నీళ్లు పొయ్యకూడదు, అంటే మామూలు బకెట్లు రెండు. స్లాబు కింద పెట్టిన పోట్లు గది వెడల్పు నాలుగున్నర మీటర్ల లోపు అయితే 7 రోజులూ, అంతకు మించితే 14 రోజులూ కనీసం కదపకూడదు. బీముల కింద ఇంకా ఎక్కువ.

ఇందులో మనకి అర్థం కానిది ఏముంది చెప్పండి? సకినాల పిండిలో చెంబెడు నీళ్లు ఎక్కువైతే చుట్టు తిరగదని మనకి తెలియదూ? తొక్కులో ఉప్పు తగ్గితే నెల తిరక్కుండా బూజు పడుతుందని తెలియదూ? కాంక్రీటు జారుగా ఉంటే పోసేవాడి చేతికి సుఖం, అందుకని మూడో బకెట్టూ నాలుగో బకెట్టూ కుమ్మరిస్తాడు. ఆ ఎక్కువ నీళ్లు ఆరిపోయాక లోపల సందులు మిగులుతాయి. ఆ సందుల్లోంచే వాన దిగుతుంది, చువ్వకి తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బి పెచ్చులు ఊడతాయి. పదేళ్ల తర్వాత మంచం మీద పడుకున్న మనవడి మీద రాలే పెచ్చు ఆ రోజు పోసిన నాలుగో బకెట్టు. అయినా ఇల్లు కట్టేటప్పుడు మనల్ని పిలిచి అడిగేదేమిటి? "వంటింటి టైల్సు ఏ రంగు కావాలమ్మా?" అని. గోడకి చెమ్మ వస్తే బట్టలు బూజుపట్టేది మన బీరువాలో. నేల కుంగితే నీళ్లు నిలిచేది మన వంటింట్లో. పిల్లాడికి ఆయాసం వస్తే రాత్రంతా కూర్చునేది మనం. బ్యాంకు అప్పు చాలక తాకట్టుకి వెళ్లింది మన గాజులు. రంగు ఎంచుకోవడం ఒక్కటే మన వంతా?

మా సంగతే చెప్తాను. రెండువందల గజాల్లో ఇల్లు కట్టించుకున్నాం. గృహప్రవేశమైన నాలుగో నెలలో వానలు మొదలవగానే పూజగది గోడ మీద భారతదేశం పటమంత మరక తేలింది. గోడ అవతల స్నానాలగది. హాలు కిటికీ మూల నుంచి చూరుదాకా ఒక పగులు. కాంట్రాక్టరుని పిలిపిస్తే చెప్పులు విప్పకుండానే గుమ్మంలోంచి చూసి, "ఏం గాదమ్మా, కొత్తిల్లు గదా, గట్లనే ఉంటది. రెండు వానలు పడితే సెట్టయితది" అన్నాడు. సెట్టవడానికి అది పెరుగా? మూడోసారి పిలిస్తే పుట్టీ పూసి రంగేసి పోయాడు. నాలుగోసారి నేను గట్టిగా అడిగితే, "నువ్వెందుకమ్మా, సారుతోని మాట్లాడ్త" అన్నాడు.

ఆ రోజునుంచి నేను మాట్లాడటం మానేసి రాయడం మొదలుపెట్టాను. పగులు రెండు కొసల దగ్గరా పెన్సిలుతో గీత గీసి తారీఖు వేశాను. దానికి అడ్డంగా సన్నటి గాజు పలక పెట్టి రెండు చివర్లూ ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించాను. ఇది ఇంజనీర్లు చేసే పనే. పగులు ఆగిపోయి ఉంటే గాజు అట్లాగే ఉంటుంది, గోడ ఇంకా కదులుతూ ఉంటే విరుగుతుంది. నెలన్నరకి విరిగింది! మర్నాడే ఒక ఇంజనీరుకి ఫీజిచ్చి రప్పించి, చూసింది చూసినట్టు రాసిమ్మన్నాను. స్నానాలగదిలో టైల్సు కింద నీళ్లు ఇంకకుండా వెయ్యాల్సిన పొర వెయ్యనే లేదు, కిటికీ లింటెల్ ఒక పక్క గోడలోకి మూడంగుళాలు కూడా పోలేదు అని రాశారు. ఫొటోలూ, ఆ కాగితమూ జతచేసి, ఫలానా తారీఖులోగా బాగుచెయ్యాలని ఉత్తరం రాసి రిజిస్టరు పోస్టులో, అందిన రసీదు వచ్చేట్టు పంపాను. చివరి వాయిదా సొమ్ము మా దగ్గరే ఉంది. పది రోజుల్లో మనిషి వచ్చాడు, ఈసారి చెప్పులు విప్పి. స్నానాలగది తవ్వి మొత్తం మళ్లీ చేశాడు, నీళ్లు నింపి రెండు రోజులు ఉంచి చూపించాడు. కిటికీ పని సగమే ఒప్పుకున్నాడు, మిగతా సగం ఆపిన సొమ్ములోంచి మేమే చేయించుకున్నాం. నాలుగు నెలలు నోటితో చెప్తే కానిది ముప్ఫై రూపాయల పోస్టుబిళ్లతో అయింది.

అందుకే నేనంటాను, ఇల్లు కట్టేటప్పుడు మన చేతిలో ఉండాల్సిన మొదటి సామాను కాగితం. పని మొదలుకాక ముందే ఒప్పందం రాయించండి. ఏ సిమెంటు, ఏ చువ్వ, ఏ ఇసుక, ఎన్నాళ్లు, ఏ పని అయ్యాక ఎంత సొమ్ము అనేది అందులో ఉండాలి. ప్రభుత్వం పని ఇచ్చేటప్పుడు లోపాల బాధ్యత ఇంతకాలం అని రాయించుకుని కొంత సొమ్ము తన దగ్గరే ఆపుకుంటుంది. ప్రభుత్వానికున్న జాగ్రత్త మనకి ఉండకూడదా? ఒక పెద్ద వానాకాలం గడిచేదాకా ఎంతో కొంత ఆపుతామని రాయించండి. సిమెంటు బస్తా మీద తయారైన వారం, సంవత్సరం అచ్చు వేసి ఉంటాయి, చదవండి. ఇసుక గుప్పెడు గాజు గ్లాసులో వేసి నీళ్లు పోసి కలిపి ఉంచండి. కాసేపటికి పైన మందంగా ఒండ్రు పేరుకుంటే ఆ లారీ వెనక్కి పంపండి. టైల్సు వేశాక రూపాయి బిళ్లతో తట్టండి, డొల్లగా మోగినవాటికి సుద్దముక్కతో గుర్తు పెట్టండి. ప్రతి వెంట్రుక గీతకీ కంగారుపడక్కర్లేదు. గిలాబు ఆరేటప్పుడు సన్నటి గీతలు పడతాయి. ఏటవాలుగా పోయేదీ, రోజురోజుకీ పెరిగేదీ, గోడకి రెండు వైపులా కనపడేదీ అయితే మాత్రం పుట్టీ పూయనివ్వకండి. పుట్టీ పూస్తే పగులు పోదు, సాక్ష్యం పోతుంది.

చట్టం మనవైపు లేదనుకునేవాళ్లు చాలామంది. ఉంది. 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ మీద ఎం.కె. గుప్తా గారి కేసులో సుప్రీంకోర్టు, ఇల్లు కట్టివ్వడం కూడా సేవేనని, అందులో లోపం ఉంటే వినియోగదారుడు అడగవచ్చని తీర్పు చెప్పింది. ఆ ఏడే చట్టంలోనూ గృహనిర్మాణం అన్న మాట చేర్చారు, 2019లో వచ్చిన కొత్త చట్టంలోనూ ఉంచారు. మన స్థలం బిల్డరుకి డెవలప్‌మెంటుకి ఇచ్చి ఫ్లాట్లు తీసుకున్నా మనం వినియోగదారులమే అవుతామని 2008లో ఫకీర్ చంద్ గులాటీ కేసులో అదే కోర్టు చెప్పింది. మనమిచ్చిన సొమ్ము 50 లక్షల లోపు అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లవచ్చు. 20 నుంచి 50 లక్షల దాకా రుసుము 1000 రూపాయలు, 5 లక్షల లోపు అయితే అసలు లేదు. వకీలు లేకుండా మనమే చెప్పుకోవచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి, వివాదం పుట్టిన రెండేళ్లలోపు వెళ్లాలి. "రెండు వానలు పడనీ" అన్న మాట ఎంత ప్రమాదమో చూశారా! ముందు సలహా కావాలంటే 1915 నంబరుకి ఫోను చెయ్యండి.

ఫ్లాటు కొనుక్కున్నవాళ్లకి ఇంకో అండ ఉంది. 2016లో చేసిన రెరా చట్టం ప్రకారం, స్వాధీనం చేసిన అయిదేళ్లలోపు కట్టడంలోగానీ పనితనంలోగానీ లోపం కనిపించి చెబితే, బిల్డరు 30 రోజుల్లో పైసా తీసుకోకుండా బాగుచెయ్యాలి, లేకపోతే పరిహారమివ్వాలి. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో కట్టే చిన్నవాటికి నమోదు మినహాయింపు ఉంది కనుక కొనేముందే నమోదు సంఖ్య అడగండి. సొంత స్థలంలో మనకోసం మనం కట్టించుకునే ఇంటికి ఈ చట్టం రాదు. అక్కడ మనకి మన ఒప్పందం కాగితమే రెరా.

"పాపం, మేస్త్రీలు బీదవాళ్లు, వాళ్ల మీద ఉత్తరాలూ కేసులూ ఏమిటమ్మా?" అని నన్ను మెత్తగా కోప్పడ్డ పెద్దలున్నారు. బీదవాళ్లెవరో నాకూ తెలుసు. ఎండలో నెత్తిన తట్ట మోసి, చంకలో పిల్లని దింపి స్లాబు మీద నీళ్లు పట్టే ఆడకూలీ బీదది. నీళ్లు పట్టే పనికి రెండు రోజులకి మించి కూలి ఇవ్వనని ఆవిడని పంపించేసేవాడు బీదవాడు కాదు. పనికి కొలతా, కొలతకి డబ్బూ కాగితం మీద ఉంటే బాగా కట్టిన మేస్త్రీకి కూడా మేలే. అతని సొమ్ము మనం ఎగ్గొట్టకుండా ఆ కాగితమే ఆపుతుంది. నోటిమాట మీద నడిచే బేరంలో బాగుపడేది మధ్యవాడొక్కడే.

"పరువు పోతుంది, చుట్టాలు నవ్వుతారు" అనేవాళ్లు ఇంకొందరు. మన వేయిస్తంభాల గుడి కల్యాణమండపం పునాది దెబ్బతింటే ఎవరైనా సిగ్గుపడి రంగేశారా? రాయి రాయికీ అంకె వేసి విప్పదీశారు, పునాది మళ్లీ వేశారు, ఏళ్ల తరబడి పని చేసి 2024 మార్చిలో తలుపులు తెరిచారు. కాకతీయుల కట్టడానికి లేని నామోషీ మన రెండువందల గజాల ఇంటికి ఎందుకు?

ఈసారి మన వాళ్లలో ఎవరైనా ఇల్లు కడుతున్నామని చెబితే గృహప్రవేశం దాకా ఆగకండి. అప్పుడు ఎట్లాగూ నాలుగు గోడగడియారాలూ, మూడు కుక్కర్లూ వస్తాయి. శంకుస్థాపన రోజే వెళ్లి ఆ ఇంటావిడ చేతిలో రెండువందల పేజీల నోటుబుక్కూ, పెన్సిలూ పెట్టి రండి. గుమ్మడికాయ వాళ్లే కొనుక్కుంటారు.